బీట్‌దుంపల తరఫు మనవరాలు

శివరామ్‌కి అమెరికా మీద కోపం నలభై ఏళ్ళ నాటిది. ఆ దేశంలో ఆయన అడుగు పెట్టింది లేదు. ఆ దేశం ఆయన పేరు విన్నదీ లేదు. అయినా కోపం రావడానికి ముఖపరిచయం ఉండాలని ఎక్కడుంది?

ఆ రోజుల్లో ఆయన ఫిజీలో ఉండేవాడు. రాకిరాకి ఊరవతల చెరుకు పొలం, పొలం మధ్య రేకుల ఇల్లు, ఇంట్లో కాంత, చంకలో పిల్లాడు ఆష్నీల్. చెరుకు రైతుల యూనియన్‌కి ఆ చుట్టుపక్కల సెక్రటరీ ఆయనే. అమెరికా బయటి చక్కెరని దేశానికింత అని వాటా కట్టి కొనేది. ఫిజీకి దక్కేది చిన్న వాటా. ఎనభైల్లో దాన్నీ ఏటేటా కోసుకుంటూ పోయారు. మార్కెట్లో ధర నేలకు దిగింది. ఓ సాయంత్రం యూనియన్ మీటింగులో శివరామ్ లేచి నిలబడి, పెద్ద తెలిసినవాడిలా ధైర్యం చెప్పాడు. అమెరికాలో ఎన్నికలొస్తున్నాయనీ, అందుకే సొంత రైతుల్ని బుజ్జగిస్తున్నారనీ, ఎన్నిక కాస్తా అయిపోతే ఎవరు గెలిచినా తలుపు తీస్తారనీ, ఒక్క పంట ఓపిక పట్టమనీ చెప్పాడు. అందరూ సరేనన్నారు. అదే ఊపులో ఇంటికొచ్చి, ఎన్నిక అవగానే వంటింట్లోకి కుళాయి వేయిస్తానని కాంతకీ మాటిచ్చేశాడు.

ఎన్నిక అయింది. వాటా ఇంకా తగ్గింది. కుళాయి రాలేదు. ఎనభై ఏడులో భారతీయులున్న ప్రభుత్వాన్ని కూల్చి దేశంలో సైన్యం దిగింది, ఆ మరుసటి ఏడు వీళ్ళు బ్రిస్బేన్‌లో దిగారు. అద్దె ఇంటి వంటగదిలో కాంత మొదటిసారి కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్ళ కింద చెయ్యి పెట్టి, మొగుడి వైపు తిరిగి, “అమెరికా ఎలక్షను అయిపోయినట్టుందే” అంది. ఆ మాట ఆవిడ ఇప్పటికీ ఏడాదికి నాలుగుసార్లయినా అంటుంది. ఆయన ఇప్పటికీ ఉడుక్కుంటాడు. ఉడుక్కోకపోతే ఆవిడ ఎప్పుడో మానేసేది.

బ్రిస్బేన్‌లో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, రిటైరయ్యాక శివరామ్ కొండెక్కి టూవూంబా చేరాడు. చల్లగా ఉంటుంది, ఎర్రమట్టి, పెరట్లో వంకాయలు బాగా కాస్తాయి. ఆష్నీల్ బ్రిస్బేన్‌లోనే ఆసుపత్రిలో నర్సు. అతని కూతురు తాన్య యూనివర్సిటీలో చేరడానికి వచ్చి తాత ఇంట్లో దిగింది. దిగిన వారానికే ఇంటి రూపం మారిపోయింది. సింకులో తిని వదిలేసిన సీరియల్ గిన్నెలు, సోఫా మీద తడి తువ్వాలు, పొద్దస్తమానం హీటరు. కాంత గొణుక్కుంటూ అన్నీ సర్దేది. సర్దడానికి ఏదో ఒకటి ఉన్నందుకు ఆవిడకెంత సంతోషమో మొగుడికి తెలుసు.

అయితే ఆ పిల్ల నోట్లో మాట ఉండదు. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో రెండు ముక్కలు చెబుతుంది. యూనిలో ఆ రెండు ముక్కలూ ఉండవు. కిందటేడు క్లాసులో ఏదో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సి వచ్చి, నిలబడి, తెల్లబోయి, ఒక్క మాట కూడా పెగలక బయటికి నడిచి కార్ పార్కులో కూర్చుంది. ఈ సెమిస్టర్ మొదట్లో భోజనాల దగ్గర చెప్పేసింది. ఈసారి కూడా నోట మాట రాకపోతే చదువు మానేసి బ్రిస్బేన్ వెళ్ళిపోతుంది, అక్కడ ఫార్మసీలో ఉద్యోగం ఉంది, అక్కడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేదు. చెప్పి, పప్పు ఇంకొంచెం వేసుకుంది. ముసలివాళ్ళిద్దరికీ ఆ పూట ముద్ద దిగలేదు.

ఈసారి నోరు విప్పాల్సింది నీరజ క్లాసులో. నీరజది అనకాపల్లి. టూవూంబా యూనిలో అమెరికా రాజకీయాలు చెబుతుంది, వీళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంటుంది. శివరామ్ మాట్లాడే తెలుగు వినడానికే అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది. నూరేళ్ళ కింద చెరుకు కూలీగా ఫిజీ వెళ్ళిన ఆయన తాతతో పాటు ఓడెక్కిన తెలుగు అది. అచ్చం మా నాయనమ్మలా మాట్లాడతారు అంకుల్, అని మురిసిపోతుంది. సెమిస్టర్ చివర ఆవిడ క్లాసు మొత్తాన్నీ అమెరికన్ సెనేట్‌గా మార్చేస్తుంది. కొందరు ఈ పార్టీ సెనేటర్లు, కొందరు ఆ పార్టీ, మిగిలినవాళ్ళు ఆ సెనేటర్ల వెంట పడే సంఘాలవాళ్ళు. ఎవరు ఏమిటన్నది చీటీ తీసి తేలుస్తారు. బెల్లం మార్కెట్ పక్కన పుట్టి పెరిగిన మనిషి కదా, ఈ ఏడు చర్చకి చక్కెర పెట్టింది. బయటి దేశాల చక్కెర వాటా పెంచాలని చట్టానికి ఒక సవరణ వస్తుంది, అది నెగ్గాలా వద్దా.

తాన్య చీటీ తీసి, ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. సెనేటర్ రాలేదు. బీట్‌దుంపల నుంచి చక్కెర తీసే మినసోటా రాష్ట్రపు రైతుల సంఘం వచ్చింది. బయటి చక్కెరని లోపలికి రానివ్వకుండా అడ్డం పడటం ఆ సంఘం పని. శివరామ్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. కాంత మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, “మీ కుళాయి ఆపినోళ్ళు మీ ఇంట్లోకే వొచ్చీసినారు” అంది.

రెండు రోజులు ఆయన ముభావంగా తిరిగాడు. మూడో రోజు తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. అమెరికా ఎక్కడికీ పోదు, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పిల్ల నోరు విప్పాలి. భోజనాల బల్ల మీద కాగితాలు పరచుకున్న తాన్య ఎదురుగా కూర్చుని, నాకు చెప్పు, నన్నొక సెనేటర్ అనుకో, అన్నాడు. క్లాసులో రాని మాటలు తాత ముందు వచ్చాయి. ఇంగ్లీషులోనే అయినా వచ్చాయి.

అలా కొన్ని సాయంత్రాలు ఆయన మనవరాలి దగ్గర అమెరికా నేర్చుకున్నాడు. దుంపల రైతులు, చెరుకు రైతులు కలిపినా ఆ దేశంలో పిడికెడు మంది. చక్కెర తినేవాళ్ళు దేశమంతా. కానీ తినేవాడికి ఒక సీసా జామ్ మీద పోయేది నాలుగు పైసలు. దాని కోసం ఎవడూ పని మానుకుని మీటింగుకి రాడు. రైతుకి పోయేది పొలం. వాడు తుఫానులో కూడా వస్తాడు. పైగా ఆ సంఘాలు ఒక పార్టీని పట్టుకుని వేలాడవు. ఎన్నికల ఖర్చులకి ఈ పార్టీకీ ఇస్తాయి, ఆ పార్టీకీ ఇస్తాయి. దుంపలు ఒక పార్టీ గెలిచే రాష్ట్రాల్లోనూ పండుతాయి, రెండో పార్టీ గెలిచే రాష్ట్రాల్లోనూ పండుతాయి. అంచేత ఎన్నికలో ఎవరు గెలిచినా వాళ్ళు ఓడరు.

ఎన్నిక అయ్యాక తలుపు తెరుచుకుంటుందని తాను మూడు వందల మందికి చెప్పిన మీటింగు హాలు శివరామ్ కళ్ళ ముందు తిరిగింది. అప్పుడు తాను చూసింది ఎన్నిక వైపు. తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు ఎన్నికలతో లేచి వెళ్ళిపోయే మనుషులు కారు. ఆ సంగతి నలభై ఏళ్ళ తర్వాత, వంకాయ కూర వాసనలో, ఇరవై ఏళ్ళ పిల్ల చెబితే తెలిసింది. సిగ్గేసింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. రెండూ దాచుకోవడానికి లేచి టీ పెట్టాడు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ సహాయం చెయ్యడంలో ఎక్కడ ఆగాలో శివరామ్‌కి ఏనాడూ తెలియదు. ఫిజీలో యూనియన్ పని చేసినవాడు, ఏ పెద్ద సంగతైనా ముందు కావా గిన్నె చుట్టూ కూర్చున్నాకే కదులుతుందని నమ్మేవాడు. కావా మొక్క వేరు పొడిని నీళ్ళలో పిసికి, వడకట్టి, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కరికీ అందించాలి. తీసుకునేవాడు ఒకసారి చప్పట్లు కొట్టి, తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. నాలుక కాస్త మొద్దుబారుతుంది, మనసు మెత్తబడుతుంది. అలా కలిసి తాగినవాళ్ళు మర్నాడు ఒకరికొకరు అడ్డం పడటం అక్కడ మర్యాద కాదు. తాన్య స్నేహితులు ఒకసారి ఇంటికొచ్చి కూర్చుంటే పిల్లకి బెరుకు పోతుంది, వాళ్ళూ ఈ పిల్లకి ఎదురు చెప్పలేరు, అని లెక్క వేసుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం సెనేట్ మొత్తాన్నీ భోజనానికి పిలిచేశాడు.

కాంత కోడికూర, రొట్టెలు, ఉడికించిన కర్రపెండలం చేసింది. పిల్లలు పెరట్లో చాపల మీద కూర్చున్నారు. ఒక పార్టీ నాయకుడు సాయితేజ, ఖమ్మం నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు. రెండో పార్టీ నాయకుడు లాక్లన్, డాల్బీ దగ్గర జొన్న పండించే రైతు కొడుకు. చప్పట్లు కొట్టడం అందరికీ తెగ నచ్చింది. గిన్నె రెండోసారి తిరిగేటప్పుడు లాక్లన్ ఊరికే అడిగాడు, చక్కెర గురించి మీకింత ఎలా తెలుసని.

అడగడమే తడవు, శివరామ్ చెప్పాడు. పొలం గురించి, నాన్న గురించి, పడిపోయిన ధర గురించి, మీటింగు గురించి చెప్పాడు. ఆయన ఆగినచోట కాంత అందుకుని కుళాయి కథ చెప్పింది. ఆవిడ నవ్విస్తూనే చెప్పింది, అందరూ నవ్వారు కూడా. కానీ చంకలో పిల్లాడితో బావి దగ్గర్నుంచి నీళ్ళు మోసిన సంగతి దగ్గరికొచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. లాక్లన్ తల దించుకుని, ఇది అన్యాయం, అన్నాడు. సాయితేజ చిప్ప పైకెత్తి, “మా పార్టీ ఓట్లన్నీ మీకే అంకుల్” అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తలూపారు. శివరామ్ ఛాతీ పొంగిపోయింది. నలభై ఏళ్ళకి అమెరికన్ సెనేట్ ఆయన మాట విన్నది. ఉత్సాహంగా మూడో గిన్నె కలపబోతూ తల తిప్పేసరికి, ఖాళీ పళ్ళేలు ఎత్తుతున్న తాన్య ముఖం కనిపించింది. అప్పుడు తెలిసింది తానేం చేశాడో.

అందరూ వెళ్ళాక తాన్య వంటింటి గుమ్మంలో నిలబడి, “తాతా, యూ జస్ట్ లాబీడ్ మై హోల్ సెనేట్,” అంది. “ఫర్ ది అదర్ సైడ్.” కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాంత మొగుడి వంక చూసి, పోనీలెండి అని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే నీరజ ఫోను. ఓటింగుకి ముందు కమిటీ విచారణ ఒకటి ఉంటుంది, సాక్షుల్ని పిలవచ్చు, ఫిజీ రైతుల తరఫున అంకుల్ రావాలని రెండు పార్టీల పిల్లలూ అడుగుతున్నారు. సాక్షిని ప్రశ్నించే వంతు దుంపల సంఘానిది, అంటే తాన్యది. శివరామ్ రానన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. పిల్ల చదువు మానేస్తానంటున్న సంగతి, ఆదివారం తాను వెలగబెట్టిన సంగతి, ఏదీ దాచలేదు. నీరజ ఓపిగ్గా విని, మార్కులు గెలిచినందుకు కాదని, తాన్య బాగా చదివి రాసిందని, నోరు విప్పడం ఒక్కటే మిగిలిందని చెప్పింది.

“రావద్దనుకుంటే రాకండి అంకుల్,” అంది చివర్లో. “కానీ తనకోసమే మీరు తప్పుకున్నారని తాన్యకి తెలిసిపోతుంది. అది తనకి ఇంకా చెడ్డ.”

అంచేత శివరామ్ మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు. వెళ్తాడు. వెళ్ళి తడబడతాడు. అంకెలు మర్చిపోతాడు, అడిగినదానికి కాక ఇంకోదానికి జవాబు చెబుతాడు. ముసలాయన కదా, ఎవరూ అనుమానించరు. ఈ పథకం కాంతకి చెబితే ఆవిడ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది. మీ నాన్న రెక్కలు ముక్కలు చేసుకున్న పొలం గురించి మతిమరుపు నటిస్తారా అని అడిగింది. పిల్ల వెళ్ళిపోతే మనిద్దరం ఆ టీవీ ముఖం చూసుకుంటూ కూర్చోవాలి కదే, అన్నాడాయన. ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

గురువారం తాన్యే కారు నడిపింది. వీధులన్నీ పొగమంచు. యూని దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు, ఎదురుగా చూస్తూనే, “డోంట్ గో ఈజీ ఆన్ మీ, తాతా,” అంది. “ఐ విల్ నో.” ఆయన సీటు బెల్టు సర్దుకున్నాడు. ఆ పిల్లకి ఎప్పుడు తెలిసిపోయిందో ఆయనకి అర్థం కాలేదు. అప్పుడే పథకం కూడా కారు కిటికీలోంచి పోయింది.

క్లాసు గదిలో బల్లలు గుండ్రంగా వేశారు. శివరామ్‌ని మధ్యలో కూర్చోబెట్టారు. ఆయన దాచుకోకుండా మాట్లాడాడు, ఉన్నదున్నట్టు, ఇంగ్లీషులో నిదానంగా. చెరుకు కొట్టే కత్తి పట్టు ఎలా ఉంటుందో చెప్పాడు. ఎక్కడో ఒక హాల్లో ఎవరో చెయ్యెత్తితే ఇంకెక్కడో ఒక ఇంట్లోకి నీళ్ళు రాకుండా పోతాయని చెప్పాడు. మా చక్కెర చవక, మంచిది, మీవాళ్ళకీ లాభమే, ఒక్క పిసరు తలుపు తీయమన్నాడు. ముగించేసరికి లాక్లన్ ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఇక తాన్య వంతు. లేచింది. కాగితాలు చేతిలో పట్టుకుంది. గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఏమీ రాలేదు. శివరామ్‌కి లేచి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకుపోవాలనిపించింది. కుర్చీ చేతుల మీద బరువు కూడా వేశాడు. అప్పుడు తాన్య కాగితాలు బల్ల మీద పెట్టేసి ఆయన కళ్ళలోకి చూసింది. కూర్చోండి అన్నట్టుంది ఆ చూపు.

మీ యూనియన్‌లో ఎంతమంది రైతులు ఉండేవారని ఇంగ్లీషులో అడిగింది. గొంతు సన్నగా ఉంది గానీ గది చివరికి వినబడింది. మూడు వందల పైచిలుకు, అన్నాడాయన. మీటింగులకి ఎంతమంది వచ్చేవారు? అందరూ. ఎన్నికల్లో ఎవరికి వాళ్ళు ఓటేసుకునేవారా? లేదు, కూర్చుని అనుకుని ఒకే వైపు వేసేవాళ్ళం. మీ మంత్రులు మీ మాట వినేవారా? వినక ఏం చేస్తారు, అన్నాడు శివరామ్, తెలియకుండానే ఛాతీ విరుచుకుని. దేశంలో మిగతావాళ్ళు చక్కెర కొనుక్కుంటారు కదా, వాళ్ళని ఎప్పుడైనా అడిగారా? అడగలేదు, అన్నాడు.

“అంటే మీరూ మాలాంటి సంఘమే,” అంది తాన్య. “ఇప్పుడు చెప్పండి. మీ మూడు వందల మందిలో మినసోటాలో ఓటున్నవాళ్ళు ఎంతమంది?”

విరుచుకున్న ఛాతీ కిందికి దిగింది.

“ఒక్కరూ లేరు,” అన్నాడు శివరామ్.

ఆమె థాంక్యూ చెప్పి, సెనేటర్ల వైపు తిరిగింది. మా ఊళ్ళలో ఓటున్నవాళ్ళు ఉన్నారు, అంది. ఈ పెద్దాయన చెప్పినదంతా నిజం. మీరు తలుపు తీస్తే ఆయన మిమ్మల్ని దీవిస్తాడు, మావాళ్ళు మాత్రం నవంబరు ఎన్నికల్లో గుర్తుపెట్టుకుంటారు. అంతే చెప్పి కూర్చుంది.

ఓటింగు పెట్టారు. ఆదివారం పెరట్లో చిప్పలు పైకెత్తిన పిల్లలు ఒక్కొక్కరే సవరణ వద్దని చేతులెత్తారు. సాయితేజ శివరామ్ వైపు చూడలేకపోయాడు. లాక్లన్ మాత్రం చూసి, పెదాలతో సారీ చెప్పి, చెయ్యెత్తాడు. దుంపలు పండని రాష్ట్రాల సెనేటర్లు కొందరు సవరణ వైపు నిలబడ్డారు గానీ చాలలేదు. సవరణ ఓడిపోయింది.

బయట వరండాలో తాన్య పరుగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. “సారీ తాతా. ఐ వాజ్ మీన్ టు యూ.”

“సారీ ఏటే,” అన్నాడు శివరామ్, ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని. “ఆ మాట నన్ను అప్పుడెవులూ అడగనేదు. నన్ను నానూ అడుక్కోనేదు. అంతమందిని కూకోబెట్టి ఎదురుసూడమన్నాను. నీలాటి పిల్ల ఒకత్తి ఆ మీటింగులో నెగిసి నిలబడి అడిగుంటే...”

“దే వుడ్ హావ్ థ్రోన్ మీ అవుట్.”

“నానే గెంటీసుందును,” అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన కూడా కాస్త ఏడ్చాడు. పొలం కోసమా, నాన్న కోసమా, ఈ పిల్ల నోట మాట వచ్చినందుకా అంటే ఆయనే చెప్పలేడు. అన్నిటికీ కలిపి అనుకోవాలి.

ఇంటికొచ్చేసరికి కాంత గుమ్మంలోనే ఉంది. ఎవరు గెలిచారని అడిగింది. ఇది గెలిచింది, అన్నాడు. మరి మీరో, అంది. చిత్తుగా ఓడిపోయాను, మనకి ఒక్క బస్తా కూడా పెంచలేదు, అన్నాడు ముఖమంతా వెలిగిపోతూ. కాంత అనుమానంగా ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం ఏమీ లేదు.

ఈలోగా తాన్య గదిలోంచి నాన్నకి ఫోను చేసింది. ముసలివాళ్ళిద్దరూ వంటింట్లో కదలకుండా నిలబడ్డారు. తాను రావడం లేదని చెబుతోంది, ఫార్మసీవాళ్ళకి వద్దని చెప్పెయ్యమంటోంది, వచ్చే సెమిస్టర్లో సెనేటర్ కావాలంటోంది. అడ్డం వస్తున్న తండ్రిని ఆపి మరీ, తాను ఏమడిగిందో, తాత ఏమన్నాడో, మొదటి ప్రశ్న నుంచి చెప్పుకొస్తోంది. తలుపు వేసి ఉన్నా ప్రతి మాటా వినబడుతోంది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని వాళ్ళిద్దరికీ ఆ రోజు దాకా తెలియదు.